మూడు సూదులు

మా వీధిలో ఎవరు పోయినా ముందు నన్నే పిలుస్తారు. నాడి పట్టుకుని, కంట్లో టార్చి వేసి చూసి, నేను తల అడ్డంగా ఊపాకే ఇంట్లో ఏడుపు మొదలవుతుంది. నేను డాక్టర్ని కాను. ధర్మవరంలో నేతగాళ్ళ వీధిలో ఒక గది అద్దెకు తీసుకుని, బోర్డు పెట్టుకుని, జ్వరాలకూ నొప్పులకూ సూదులేసే ఆరెంపీని. చదువు లేకపోయినా చావును ఖాయం చేసే అధికారం మాత్రం జనం నాకు ఇచ్చేశారు. అలాంటిది, నా గదికి మూడిళ్ళ అవతల ఆమె పోతే నన్ను పిలవలేదు.

పొద్దున తాళం తీస్తుంటే పాలు పోసే మనిషి చెప్పాడు. "అక్క పోయిందంట గదన్నా. గుండె నొప్పి వచ్చిందంట. నీకు తెల్దా?" తెలీదు. ఒక కాలికి చెప్పు ఉందో లేదో కూడా చూసుకోకుండా పోయాను. ఆమె తమ్ముడు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి, నేలను చూస్తూ అన్నాడు. "ఏమనుకోవద్దన్నా. నిన్ను పిలవద్దని అక్క ముందే చెప్పి పెట్టింది."

ఏమనుకుంటాను? అనుకోవడానికి నాకేం మొహం ఉంది? చుట్టుపక్కల నాలుగు వీధుల్లో నా సూది పడని ఒళ్ళు లేదు. ఆ ఒక్క ఒంటిని మాత్రం చివరి రెండేళ్ళూ, చచ్చాక కూడా ముట్టనివ్వలేదు ఆమె. సరిగ్గానే చేసింది. సరిగ్గానే చేసిందని తెలిసినా ఆ పూట నాకు అన్నం సయించలేదు.

పోయినవాళ్ళందరూ బంగారమే అన్నట్టు మాట్లాడటం నాకు చేతకాదు. ఆమెకు నోరెక్కువ. ఎవరి ఇంట్లోనైనా కాఫీలో చక్కెర తక్కువైతే గ్లాసు అక్కడే పెట్టి, "మీ ఇంట్లో చక్కెరకు గూడా కరువొచ్చిందా?" అని అడిగేది. ఎవరైనా జాలిగా చెయ్యి పట్టుకోబోతే విదిలించి, తానే వాళ్ళ భుజం పట్టుకుని నడిచేది. పట్టుకోవడం వేరు, పట్టుకోబడటం వేరు ఆమెకు. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లల్లేరు, నేత నేసే తమ్ముడి ఇంట్లో ఉండేది. పేరు రేషన్ కార్డులో ఉండేదే గానీ వీధిలో అందరికీ అక్కే. నాకూ అక్కే.

ఆమె పని అచ్చులు అతకడం. పట్టుచీర మగ్గం మీద ఒక పడుగు అయిపోవస్తుంటే, ఆ పాత పోగుల కొసలకు కొత్త పడుగు పోగుల కొసలను అతకాలి. అవి వేలల్లో ఉంటాయి. ఒక్కొక్క జతనూ బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య పెట్టి, కాస్త బూడిద అద్ది, ఒక్క మెలి తిప్పితే రెండూ ఒకటైపోతాయి. ముడి వేయకూడదు, పోగులు దూరే దువ్వెనలాంటి అచ్చు సందుల్లో ముడి దూరదు. నేల మీద కాళ్ళు మడిచి కూర్చుని, వీపు వంచి, పొద్దున్నించి సాయంత్రం దాకా అదే పని. కుర్చీలో కూర్చుని చేసే పని కాదు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, తర్వాత జరిగినదంతా దీని చుట్టూనే తిరిగింది.

వేళ్ళు ఊరికే ఉండేవి కావు. నా గదిలో బెంచీ మీద కూర్చుని మాట్లాడుతున్నా, బల్ల మీది మందుల చీటీ అంచును మెలిపెడుతూనే ఉండేది. ఆమె వెళ్ళాక చూస్తే నా చీటీలన్నీ ఒక వైపు చుట్టలు చుట్టుకుని ఉండేవి. పనికి పోతూ నా గుమ్మం ముందు ఆగి, రోజూ ఒకే మాట అడిగేది.

"ఏమప్పా డాక్టరూ, ఈ పొద్దు ఎంతమందిని పొడిచినావ్?"

"ఇంకా బోణీ కాలేదక్కా. నువ్వు రా" అనేవాణ్ణి.

"నా ఒళ్ళు నీ జల్లెడ కాదులేప్పా" అనేసి పోయేది. ఈ రెండు మాటలు మా మధ్య ఎన్ని ఏళ్ళు నడిచాయో లెక్క లేదు. వానలు రాని ఏడూ, వేరుశనగ పూర్తిగా పోయి పల్లెల జనమంతా బెంగళూరు బస్సులెక్కిన ఏడూ, మగ్గాలు సగం మూతబడిన ఏడూ ఇదే ప్రశ్న, ఇదే జవాబు.

ఒకసారి ఒక నేతగాడు ఆమె అతుకు తెగిందని పదిమందిలో అన్నాడు. ఆమె అరవలేదు. మగ్గం దగ్గరికి పోయి, తెగిన పోగును పైకి తీయించి, రెండు కొసలూ వెలుతురులో పెట్టి చూసింది. "ఇది అతుకు కాడ తెగలే. అతుక్కి బెత్తెడు అవతల తెగింది. నీ పట్టు నాసిదిరా నాయనా, నా చెయ్యి కాదు" అంది. ఆ మనిషి మొహం మాడిపోయింది. అయినా ఆ సాయంత్రమే అతని పడుగు తానే కూర్చుని సరి చేసిపెట్టింది. తప్పు ఎవరిదో తేలాలి, తేలాక ఇక దాని గురించి మాట్లాడకూడదు. అదీ ఆమె లెక్క.

అలాంటి మనిషి ఒక రోజు ఎవరి ఇంట్లోనో పని ముగించి లేస్తూ, మగ్గం కింద కాళ్ళు పెట్టే గుంట అంచు మీద కాలు జారి గుంటలో పడింది. తుంటి విరిగింది. ప్రభుత్వ పథకం కింద ఒక పెద్దాసుపత్రిలో విరిగిన చోట ఇనుప కీలు వేశారు. ఇంటికొచ్చాక మొదట చేసిన పని, ఎక్స్‌రే ఫిల్ము తెచ్చి నా గుమ్మం ముందు ఎండకు ఎత్తి పట్టడం. ఎండకు కొదవ లేని ఊరు మాది. నల్లటి ఫిల్ములో తెల్లగా మెరుస్తోంది కీలు. "చూడప్పా, నాకు లోపల జరీ వేసినారు" అని నవ్వింది.

కింద కూర్చోవద్దని ఆసుపత్రిలో గట్టిగా చెప్పి పంపారు. వంగితే, కాళ్ళు మడిస్తే కీలు ఊడుతుందని. ఆమె ఆరు నెలలు విన్నది. తర్వాత ఒక పీట వేసుకుని, ఒక కాలు చాపి, ఒక కాలు అరగా మడిచి, ఎలాగో మళ్ళీ పడుగు ముందు చేరింది. ఏడాదిన్నర బాగానే నడిచింది. ఆ తర్వాతే కోత మచ్చ పక్కన చిన్న పొక్కు లేచింది.

ఆ పొక్కు దగ్గర్నించి నా పాపం మొదలు.

పొక్కు పగిలి చీము కారింది. నేను మాత్రలిచ్చాను. ఆరిపోయింది. నెల తిరిగేసరికి మళ్ళీ కారింది. ఇంకొంచెం గట్టి మాత్రలిచ్చాను. మళ్ళీ ఆరింది. ఎనిమిది నెలలు ఇదే తంతు. ఆరిన ప్రతిసారీ ఆమె వీధిలో నా గురించి గొప్పగా చెప్పేది, నేను లోలోపల ఉబ్బిపోయేవాణ్ణి. పైన చిన్న రంధ్రం, లోపల ఇనుము దాకా సొరంగం ఉంటుందని నాకు తెలియక కాదు. ఎక్కడో విన్నాను, ఎవరో చెప్పారు. కానీ నా మాత్రకు ఆరుతున్న చీమును నేనెందుకు అనుమానిస్తాను? మెచ్చుకునేవాళ్ళు ఎదురుగా ఉంటే బుర్ర పనిచేయదు మనిషికి.

చివరికి ఆమె కాలు కింద పెట్టలేకపోయినప్పుడు, అనంతపురంలో ఎముకల సర్జన్ ఒకాయన దగ్గరికి నేనే తీసుకుపోయాను. ఆయన వయసు నలభై దాటి ఉండదు. కోపిష్ఠి, కానీ విడమర్చి చెప్పే ఓపిక ఉన్న మనిషి. ఫిల్ము చూసి, పుండు నొక్కి చూసి, ముందు నా మీద పడ్డాడు. "ఎనిమిది నెలలు మాత్రలిచ్చావా? నీళ్ళ తొట్టిలో పాచి పడితే నీళ్ళు మారిస్తే పోతుందా? ఆ ఇనుము మీద క్రిములు పాచిలాగే పట్టుకుని కూర్చుంటాయి. ఏ మాత్రా అక్కడికి చేరదు. ఇక ఆ కీలు మొత్తం తీసేయాల్సిందే."

తర్వాత ఆమె వైపు తిరిగి నెమ్మదిగా చెప్పాడు. పాత కీలు తీసి, లోపలంతా శుభ్రం చేసి, మందు కలిపిన సిమెంటు ముద్దను కీలు ఆకారంలో పెడతారు. అది లోపలే ఉండి మందు ఊరుస్తుంది. పైనుంచి కొన్ని వారాలు సూదిమందూ మాత్రలూ. తర్వాత మందులన్నీ ఆపేసి మూడు వారాలు ఆగాలి. అప్పుడు తుంటిలోంచి నీళ్ళు తీసి పరీక్షకు పంపుతారు. క్రిములు లేవని తేలితేనే కొత్త కీలు.

"సిమెంటా? నన్నేమన్నా మిద్దె చేస్తాండావా సారూ?" అంది ఆమె.

ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. "మళ్ళా కింద కూచుంటానా, అది చెప్పు" అని అడిగింది.

"నడుస్తావమ్మా. కర్ర లేకుండా నడిపిస్తాను. కింద కూర్చోవడం మాత్రం అడక్కు."

"నడిచి యాడికి పోవల్ల సారూ, కూచోనే పని లేకపోతే?"

ఆయనకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. నాకు అయింది. బయటికి వచ్చాక చెప్పాను, కొత్త కీలు పడితే పాతదానిలాగే పీట మీద ఎలాగో సర్దుకోవచ్చక్కా, సర్జన్లు అలాగే భయపెడతారు అని. ఆ మాట పట్టుకునే ఆమె ఒప్పుకుంది. ఆమెకు కావాల్సింది కాలు కాదు, పడుగు ముందు చోటు.

మరొక మాట కూడా ఆ రోజే జరిగింది. దాన్ని దాచను. మూడు వారాలు మందులు ఎందుకు ఆపాలి సార్ అని నేనే అడిగాను. "ఒంట్లో మందు ఉంటే క్రిములు అణిగి ఉంటాయి, పరీక్షకు దొరకవు. ఉన్నా లేనట్టే వస్తుంది రిపోర్టు. ఒక్క సూది పడినా నా లెక్క తప్పుతుంది. నీకే చెబుతున్నా" అని వేలు చూపించాడు. కాగితం మీద కూడా రాసి కింద రెండు గీతలు కొట్టాడు. నాకు అర్థమైంది. అర్థం కాలేదని చెప్పుకునే వీలు లేదు నాకు.

సిమెంటు ముద్దతో ఆమె మూడు నెలలకు పైగా మంచం మీద ఉంది. మంచం వీధి వాకిలి పక్కనే వేయించుకుంది, వచ్చేపోయేవాళ్ళను తిట్టడానికి వీలుగా. నీళ్ళ ట్యాంకరు వస్తే ఎవరు ఎన్ని బిందెలు పట్టారో మంచం మీదినుంచే పంచాయితీ చేసేది. సూదిమందు నేనే వేసేవాణ్ణి. "ఏమప్పా, బోణీ నాతోనేనా?" అనేది. కాలు పొడవు తగ్గింది, బరువు తగ్గింది, చెంపలు పీక్కుపోయాయి. నోరు తగ్గలేదు. చీము ఆగిపోయింది. మందులు ఆపే రోజు వచ్చింది. మొదటి వారం బాగానే గడిచింది.

రెండో వారం చివర్లో జ్వరం వచ్చింది. పెద్ద జ్వరం కాదు. తొడ కాస్త వెచ్చగా ఉంది. పరీక్షకు ఇంకా ఎనిమిది రోజులున్నాయి. నేను చేయాల్సింది ఒక్కటే, సర్జన్‌కు ఫోన్ చేయడం. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను కూడా.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఎప్పుడూ భుజం పట్టుకునే మనిషి, ఆ రోజు చెయ్యి పట్టుకుంది.

"ఆయప్పకు చెప్పద్దప్పా. చెప్తే మళ్ళా కోస్తాడు. మళ్ళా మూడు నెలలు మంచం. నాతో కాదు."

"చెప్పకపోతే ఎట్లక్కా? పరీక్షలో ఎట్లయినా తెలిసిపోతాది."

"తెలియకుండా చెయ్యి. మనమేం చేస్తాము? చీర మగ్గం మీదినించి కోసినాక యజమాని చేతికి పోకముందే ఇంట్లో కూచోని తెగిన పోగులు కత్తిరిస్తాము, చిక్కులు తీస్తాము, మరక ఉంటే తుడుస్తాము. ఎవురన్నా అట్లనే తీసకపోయి చూపిస్తారా? తప్పు పట్టుకుంటే కూలి కోస్తాడు గదా. నన్నుగూడా అట్ల శుభ్రం చేసి పంపప్పా. ఇంగ నేను పరీక్షకు పోవల్ల గదా."

ఇది ఆమె ఒక్కదాని మాట కాదు. ఈ వీధిలో పుట్టిన ఎవరి మాటైనా ఇదే. చీర మగ్గం దిగిన రోజున ఇంటి ఆడవాళ్ళంతా దాన్ని ఒళ్ళో పరుచుకుని ఒక్క లోపం బయటపడకుండా సర్ది పంపడం చిన్నప్పటినుంచి చూస్తూ పెరిగాను. మా అమ్మ చేసింది, మా చెల్లెలు చేస్తుంది. చూపించబోయే వస్తువును బాగు చేసి చూపించడం మాకు మోసం కాదు, మర్యాద. లోపం కనబడాలనే ఒకాయన అడుగుతున్నాడని, ఆ లోపమే ఆయనకు కావాలని, మా బుర్రలకు ఎక్కదు. నాకు ఎక్కింది. ఎక్కినా ఆమె కళ్ళు చూసి దించేసుకున్నాను.

వరసగా మూడు రోజులు, రోజుకొకటి, మూడు సూదులు వేశాను. జ్వరం పోయింది. తొడ చల్లబడింది. "బంగారు చెయ్యప్పా నీది" అంది.

పరీక్షలో క్రిములు లేవని వచ్చింది. రక్తపరీక్ష కూడా బాగుంది. సర్జన్ ఆ కాగితం చూసి పిల్లాడిలా సంబరపడ్డాడు. ముద్ద తీసి కొత్త కీలు వేశాడు. కోసి చూస్తే లోపల కూడా శుభ్రంగా ఉందని, ఇంత బాగా మానిన కేసు ఈ మధ్య చూడలేదని నాతో అన్నాడు. నేను తల ఊపాను. ఇంటికి వచ్చిన నెలకు ఆమె ఓళిగలు చేయించి వీధంతా పంచింది. నా ఇంటికి రెండు ఎక్కువ పంపింది. తిన్నాను. గొంతులోకి ఎలా దిగాయో ఇప్పుడు ఆలోచిస్తే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఐదు నెలలు. పీట వేసుకుని, కాలు చాపి, రెండు పడుగులు కూడా అతికింది. మూడో పడుగు సగంలో ఉండగా, పని చేస్తున్న చోటే ఆమె కట్టుకున్న చీర తడిసింది. నీళ్ళనుకుందట. వేలితో తీసి చూస్తే చీము.

సర్జన్ ముందు మళ్ళీ కూర్చున్నాం. ఆయన మొహం చూడలేకపోయాను. కొత్త ఫిల్మునూ పాత ఫిల్మునూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఎముక లోపల తినేసినట్టుగా అయిపోయిందని, మూడో కీలు నిలబడే చోటు లేదని చెప్పాడు. ఉన్నదంతా తీసేసి ఖాళీగా వదిలేయడమే మార్గం. కండా మచ్చా కలిసి గట్టిపడి కాలును పట్టుకుంటాయి. కాలు పొట్టిదవుతుంది. వాకర్ లేకుండా ఇక నడక లేదు. చీము మాత్రం ఆగుతుంది.

అదంతా చెప్పాక కలం పక్కన పెట్టి ఆమెనే చూస్తూ అడిగాడు. "అమ్మా, నాకొక్క విషయం తెలియాలి. ఆ మూడు వారాల్లో ఏమైనా మందు వేసుకున్నావా? లాబ్ తప్పా, నా తప్పా? నాకు నిద్ర పట్టట్లేదు. నిజం చెప్పు."

నేను ఆమె పక్కనే నిలబడి ఉన్నాను. చేతిలో ఆమె ఫిల్ముల సంచి. నోరు తెరవాల్సింది నేను. బోర్డు గుర్తొచ్చింది, అద్దె గది గుర్తొచ్చింది, అర్హత లేకుండా వైద్యం చేశానని ఎవరో కాగితం పెడితే ఏమవుతుందో గుర్తొచ్చింది. ఆమె ఒక్కసారి నా వైపు చూసింది. ఎక్కువసేపు కాదు.

"నేనే మింగినాను సారూ" అంది. "జరం వచ్చె. మందుల షాపులో అడిగి తెచ్చుకోని మూడు దినాలు మింగినాను. ఈయప్పకు గూడా చెప్పలే."

సర్జన్ లేచి నిలబడ్డాడు. ఆయన కోపం అంతకుముందు చూశాను గానీ అలా చూడలేదు. "చదువు లేకపోతే చెప్పిన మాటైనా వినాలి గదమ్మా! రెండు గీతలు కొట్టి రాశాను. నీ చేతులారా నీ కాలు పోగొట్టుకున్నావు. నేను పడిన కష్టమంతా మట్టిలో పోశావు." బయట కూర్చున్న జనం తొంగి చూశారు. ఆమె తల వంచుకుని విన్నది. పదిమందిలో తన అతుకు తెగిందన్న మనిషికి కొసలు వెలుతురులో పెట్టి చూపిన ఆమే, తనది కాని తప్పుకు తల వంచుకుని కూర్చుంది. నేను సంచి పట్టుకుని నిలబడే ఉన్నాను.

వార్డులో మంచం మీద చేర్చాక, తమ్ముడు టీ తేవడానికి పోయినప్పుడు అడిగాను. "ఏంటికక్కా అట్ల చెప్పినావ్?"

"మరి నువ్వు చెప్తావేమోనని చూస్తి. చెప్పలే."

ఆ మాటకు ఏడ్చేశాను.

"ఏడ్చద్దు, చూసేవాళ్ళు నేను చచ్చినాననుకుంటారు" అంది. "ఆయప్పకు నీ మాట తెలిస్తే నీ గదికి తాళం వేయిస్తాడు. నీకు పిల్లోళ్ళు ఉండారు. నన్నేం చేస్తాడు? తీసేదంతా ఎట్లయినా తీస్తాండాడు. అడిగింది గూడా నేనే గదా, నువ్వు మీద పడి పొడవలే."

"అడిగితే మాత్రం? నేను వేయకూడదు గదక్కా. నాకు తెలుసు."

"తెలుసు" అంది. "నీకు తెలుసని నాకూ తెలుసప్పా. ఆ పొద్దు ఆయప్ప వేలు చూపించి చెప్పింది నీకే. నేను కూలిదాన్ని, నాకేం తెలుసు, అడుగుతాను. నువ్వు కాదనల్ల. అందుకే గదా నిన్ను ఎంట తెచ్చుకునింది." దుప్పటి అంచు మెలిపెడుతూ అంది. "నేను మంచిదాన్ని, నిన్ను క్షమించినానని మాత్రం అనుకోవద్దు. నీ మీద కోపం ఉండాది నాకు. శానా ఉండాది. అది పోదు. ఇంగ గమ్మునుండు, తమ్ముడు వస్తాండాడు."

కోపం పోలేదు. ఆమె మాటంటే మాటే.

చివరి ఆపరేషన్ అయింది. ఇనుమూ సిమెంటూ ఏమీ లేకుండా అంతా తీసేశారు. చీము ఆగిపోయింది, ఈసారి నిజంగానే. కాలు రెండంగుళాలకు పైగా పొట్టిదైంది. కట్లు విప్పాక సర్జన్ ఆమెతో అన్న మాట విని నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. లోపల కీలు లేదు కాబట్టి ఊడేదేమీ లేదు, ఇక కింద కూర్చోవచ్చు, కాళ్ళు మడుచుకోవచ్చు అన్నాడు. మొదటి రోజునుంచి ఆమె అడిగింది అదొక్కటే. నడిపిస్తానన్నవాళ్ళు ఎవరూ ఇవ్వలేనిది, కాలు పాడయ్యాక దొరికింది.

కూర్చుంది. మగ్గాల దగ్గరికి నడిచి పోలేదు కాబట్టి, కావాల్సినవాళ్ళు అచ్చు విప్పి పడుగుతో సహా ఇంటికే తెచ్చి ఇచ్చేవాళ్ళు. అందరూ తేలేదు. నలుగురైదుగురు తెచ్చేవాళ్ళు. వాకిట్లో నేల మీద, కాళ్ళు మడిచి, మునుపటిలాగే వీపు వంచి, బూడిద అద్దిన వేళ్ళతో అతుకుతూ ఉండేది. పక్కన గోడకు వాకర్. లేవాలంటే ఇద్దరు లేపాలి. ఆమె ఎదుటివాళ్ళ భుజం పట్టుకునే కాలం పోయి, చంకల కింద చేతులు వేసి లేపించుకునే కాలం వచ్చింది. లేపేటప్పుడు కళ్ళు మూసుకునేది.

నేను ఆ వాకిలి ముందునుంచి రోజూ పోవాలి. మొదట్లో ఆగేవాణ్ణి. "బాగున్నావా అక్కా?" అంటే, "బాగుండాను" అనేది. అంతే. తలెత్తి చూసేది, మర్యాదగా మాట్లాడేది, కూర్చోమనేది. ఎంతమందిని పొడిచినావని మాత్రం మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. రెండేళ్ళలో ఒక్కసారీ అడగలేదు. ఒకరోజు నేనే ఉండబట్టలేక, "అక్కా, ఈ పొద్దు ఇంకా బోణీ కాలేదు" అన్నాను, నవ్వడానికి ప్రయత్నిస్తూ. ఆమె చేతిలో పోగు చూసుకుంటూ, "అట్లనా" అంది. తిట్టినా బాగుండేది. జ్వరం వస్తే తమ్ముడి చేత పక్క వీధి ఆరెంపీని పిలిపించుకునేది. నా చేతి మాత్ర ఒక్కటి కూడా మళ్ళీ ముట్టుకోలేదు.

ఆమె పోయిన మూడు నెలలకు, మా వీధిలోనే ఒక నేతగాడికి తుంటిలో వేయించుకున్న కీలు దగ్గర ఇలాగే పొక్కు లేచింది. ఈసారి ఒక్క మాత్ర కూడా ఇవ్వకుండా అతన్ని తీసుకుని ఆ సర్జన్ దగ్గరికే పోయాను. ఆయన నన్ను గుర్తుపట్టాడు. అతనికి అంతా వివరించాడు, తొట్టీ పాచీ, సిమెంటు ముద్దా, మూడు వారాలూ. తర్వాత వేలు పైకెత్తి అన్నాడు.

"ఆ మూడు వారాలు ఒక్క మాత్ర కూడా వద్దు. మీ ధర్మవరం నుంచే ఒకామె వచ్చేది. మొండి మనిషి. ఎంత చెప్పినా వినకుండా షాపులో మందులు కొని మింగి, చక్కగా మానాల్సిన కాలిని తానే పాడు చేసుకుంది. వచ్చిన ప్రతి పేషెంటుకూ ఆమె కథ చెబుతాను నేను, అలా చేయొద్దని. ఏమయ్యా, నీకు తెలుసు గదా ఆమె?"

ప్రతి పేషెంటుకూ. రెండేళ్ళుగా, ఎక్కడెక్కడి జనానికో, ఆమె మొండి మనిషి, తెలివిలేని మనిషి. ఆమె పోయింది, ఆ కథ పోలేదు. తప్పు ఎవరిదో తేలాలనేది ఆమె. ఇక్కడ తేలింది, నా వల్ల అబద్ధంగా తేలింది. పక్కన నేతగాడు మా ఇద్దరి వంకా చూస్తున్నాడు.

"ఆమె మింగలేదు సార్" అన్నాను. "ఆమెకు సూదులు వేసింది నేను. మూడు. మీరు వద్దని చెప్పినాక వేసినాను. ఆమె ఏ షాపుకూ పోలే. మంచం దిగే స్థితిలో గూడా లేదు. ఇంగ ఎవురికీ ఆ కథ అట్ల చెప్పద్దండి."

ఆయన కలం మూత తీశాడు, పెట్టాడు. కోప్పడతాడనుకున్నాను, కోప్పడలేదు.

"ఆ రోజు ఇదే గదిలో, ఇదే చోట నిలబడి ఉన్నావు నువ్వు" అన్నాడు చివరికి. "నేను అడిగాను. ఆమెను అంత మాటన్నాను. అప్పుడెందుకు నోరు మెదపలేదు?"

"అప్పుడు ఆమె ఉండింది గదా సార్" అన్నాను, "నా బదులు మాట పడేదానికి."